గుడ్డ నేసే ఊరి నుంచి ఒక దిగంబర గ్రంథం

ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతికిన ఇంట్లో పుట్టిన అమ్మాయి నగ్నత్వం మీద పుస్తకం రాసింది. సంగతి తెలిసి నవ్వినవాళ్లు నవ్వారు, ముఖం చిట్లించుకున్నవాళ్లు చిట్లించుకున్నారు. నన్నడిగితే ఈ పుస్తకం ఆ ఊళ్లో పుట్టినవాళ్లే రాయాలి. ఒంటిమీదికి గుడ్డ ఎంత కష్టపడి వస్తుందో వాళ్లకు తెలుసు. నలుగురిలో నిలబడి ఒకరు దాన్ని తీసి పారేశారంటే ఆ పని బరువెంతో వాళ్లే తూచగలరు. మిగతావాళ్లం గుడ్డను దుకాణంలో మడత విప్పినప్పుడు మాత్రమే చూస్తాం.

మొదటి అధ్యాయం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో మొదలవుతుంది. ఈ పుస్తకంలో గూళ్ల వేలంపాటకేం పని అనుకున్నాను. నాలుగు పేజీలు తిప్పేసరికి తెలిసింది. రీలింగు దగ్గర గూళ్లను కాగే నీళ్లలో వేస్తారు. జిగురు సడలుతుంది. వేళ్లు కాలుతున్నా కొస దొరికించుకుని లాగితే ఒక్కో గూటి నుంచి వందల మీటర్ల దారం ఒకే పోగుగా వస్తుంది. పోగంతా అయిపోయాక అడుగున గోధుమరంగు పురుగు మిగులుతుంది. తాను కట్టుకున్న ఇంట్లో మొన్నటిదాకా ముడుచుకుని పడుకున్నది, ఇప్పుడు ఉత్త ఒంటితో చచ్చి తేలుతుంది. పెళ్లికూతురు కట్టే పట్టు ముందు ఇంకో ప్రాణి మీంచి ఊడదీసిందేనని ఈ రచయిత్రి ఒక్క వాక్యం రాసి పక్కకు జరిగిపోతుంది. దానిమీద వ్యాఖ్యానం లేదు, కన్నీళ్లు లేవు. ఆ నిగ్రహం చూసే మిగతా పుస్తకం చదవడానికి కూర్చున్నాను.

"ముందుమాట మీరే రాయల్ల సార్" అని రచయిత్రి ఫోన్ చేసినప్పుడు, "ఈ వయసులో నాకెందుకమ్మా ఈ గుడ్డలూడదీసే యవ్వారం?" అన్నాను. "మీరు మమ్మల్ని లేపాక్షికి పిల్చుకుపోయి భిక్షాటనమూర్తి ముందర నిలబెట్టి అర్ధగంట పాఠం చెప్పినారు గదా సార్, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడేమి?" అంది. మాస్టరు పనిచేసినవాడికి ఇంతకన్నా గట్టి జవాబు ఇంకొకటి ఉండదు. ఒప్పుకున్నాను.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి గుడి సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. పెనుకొండలో విజయనగర కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ, తమ్ముడు వీరణ్ణ 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో కట్టించారు. వెళ్లినవాళ్లలో నూటికి తొంభై మంది వేలాడే స్తంభం కింద తువాలు దూర్చి చూసుకుని, నంది దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. నాట్యమండపంలో మధ్య స్తంభాల దగ్గర కాసేపు నిలబడేవాళ్లు తక్కువ. అక్కడ రంభ ఆడుతూ ఉంటుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు. తుంబురుడుంటాడు, మూడు కాళ్ల భృంగి ఉంటాడు. ఆ కొలువులోనే భిక్షాటనమూర్తి ఉన్నాడు. నిలువెత్తు మనిషి. ఒంటిమీద నూలుపోగు లేదు. దారుకావనంలో మునిపత్నుల గడపల ముందు అడుక్కుంటూ పోయిన శివుడు. యజ్ఞాలు చేసి, నియమాలు పాటించి, ఆ గర్వంతో కళ్లు మూసుకుపోయిన మునుల ఎదుటికి శివుడు ఆ రూపంలో వెళ్లాడంటుంది కథ. శిల్పశాస్త్రం ఆయన ఒంటికి గుడ్డ వద్దంది గానీ కాళ్లకు పాదుకలు ఉండి తీరాలంది. ఆ ముచ్చట మీద ఈ పుస్తకంలో రెండు పేజీలున్నాయి, నాకెంతో ఇష్టమైన పేజీలు. వీధి వీధీ తిరగాల్సినవాడికి కావలసింది చెప్పులు. గుడ్డ లేకపోవడం వల్ల ఆయన పని చెడలేదు సరికదా, ఆయన పనే అది. పెద్దమనుషుల గడపల ముందుకు ఉత్త ఒంటితో వెళ్లి, వాళ్ల పెద్దరికం ఎంతపాటిదో వాళ్లకే చూపించడం. మన ప్రాంతంలో నగ్నంగా చేసిన మొట్టమొదటి నిరసన ప్రదర్శన ఇదేనని రచయిత్రి తేల్చేస్తుంది. కొంచెం దూకుడు మాటే. అయినా కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు తల పైకెత్తి చూడండి. అదే గుడి కప్పుమీద బొమ్మలు. ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. ఆ బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చీరలు చూశారా? గళ్లు, చారలు, పువ్వులు, వంకీలు, ఒక చీరలాగా ఇంకో చీర ఉండదు. విరుపణ్ణ పరివారం నెత్తిమీద నిటారు కుళ్లాయిలు, పల్చటి పైబట్టలు. దాదాపు ఐదు శతాబ్దాల కిందటి జౌళి దుకాణాన్ని కప్పుకు తిప్పి కొట్టినట్టుంటుంది. ధర్మవరం నేతగాళ్లు తరతరాలుగా ఈ కప్పుకింద వెల్లకిలా పడుకుని అంచుల నమూనాలు గీసుకుపోయారు. "లేపాక్షి అంచు" అంటే నేటికీ ఆ ఊళ్లో అర్థమవుతుంది. ఇన్ని చీరల మధ్య ఒకచోట మర్రాకు మీద పడుకుని కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్న వటపత్రశాయి ఉన్నాడు. ఎటునుంచి చూసినా మనల్నే చూస్తున్నాడని గైడు చెబుతాడు. మనమూ అటూ ఇటూ నడిచి సరిచూసుకుంటాం. ఆ పిల్లవాడికి గుడ్డ లేదన్న సంగతి మాత్రం ఎవరి కంటా పడదు.

లేపాక్షి దగ్గర ఇంత సేపు నిలబడ్డానికి కారణముంది. ఈ పుస్తకానికి వెన్నెముకగా ఒక వాదం ఉంది, నాకూ రచయిత్రికీ పేచీ అక్కడే. లోకం నగ్నత్వాన్ని ఎత్తునుబట్టి తీర్పు తీరుస్తుందని ఆమె వాదం. కొండమీదో గుడి గోపురం మీదో మేడమీదో ఉన్న నగ్న దేహం పూజో కళో అవుతుంది, రోడ్డుమీద మనమధ్యకు దిగిందా కేసవుతుంది. దీనికి ఆమె పోగుచేసిన దాఖలాలు చిన్నవి కావు.

పెనుకొండ తీసుకోండి. 1565లో తళ్లికోట పోరు తర్వాత రాయల వంశం సర్దుకుని వచ్చి కూర్చున్న ఊరు కాబట్టి మనకది కోటగానే గుర్తు. అంతకుముందు నుంచీ అది దిగంబర జైనుల పెద్ద స్థలం. ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచిలతో కలిపి నాలుగు విద్యాస్థానాల్లో పెనుకొండ ఒకటని జైనుల్లో పేరు. పచ్చరాతి పార్శ్వనాథుడి బస్తీకి ఇప్పటికీ కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి యాత్రికులు వస్తారు. అంబరాలు దిక్కులే అనుకున్న ఆ దేవుడి ముందు యాత్రికులు ఒళ్లంతా కప్పుకుని చేతులు కట్టుకుని నిలబడతారు. ఇక శ్రవణబెళగొళ. చావుండరాయడు 10వ శతాబ్దపు చివర వింధ్యగిరి నెత్తిన నిలబెట్టిన గొమ్మటేశ్వరుడు, 57 అడుగులు, ఒకే రాయి. ఎన్నో మైళ్ల దూరం నుంచి కనబడతాడు. పన్నెండేళ్లకోసారి మహామస్తకాభిషేకానికి రాష్ట్రపతులూ ప్రధానులూ వచ్చి దండం పెట్టిపోతారు. ఆ స్వామి పేరే బాహుబలి. అన్నమీద గెలుపు చేతికందిన క్షణంలో రాజ్యాన్నీ గుడ్డనూ కలిపి వదిలేసిన మనిషి. మన సినిమావాళ్లు ఆ పేరు తీసుకుని దానికి నిలువెల్లా ఇనుప కవచం తొడిగారు! (ఈ చమత్కారం నాదే, పుస్తకంలో లేదు.)

ఆ తర్వాత ఆమె మనల్ని సముద్రాలు దాటిస్తుంది. ఆంటొనీ గోర్మ్లీ అనే ఆంగ్ల శిల్పి 2007లో లండన్‌లో తన ఒంటికే అచ్చు తీసి పోతపోసిన 31 నగ్న విగ్రహాలను మేడల అంచులమీద, వంతెనలమీద, వీధుల్లో నిలబెట్టాడు. 2010లో వాటిని న్యూయార్క్ మేడలమీదికి ఎక్కించినప్పుడు, ఎవరో దూకబోతున్నారని జనం కంగారు పడొద్దని పోలీసులు ముందే చాటించాల్సి వచ్చింది. అంత ఎత్తున నిలబడ్డ నగ్న దేహాన్ని చూసి నగరవాసికి అశ్లీలం తట్టలేదు, ఆత్మహత్య తట్టింది. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన దగ్గర కడుపు మండినవాడు ఎక్కేది సెల్ టవరు, లేకపోతే నీళ్ల ట్యాంకు. 'షోలే'లో ధర్మేంద్ర ట్యాంకెక్కి నేర్పిన పాఠం కావచ్చు. కింద పోలీసులు, తహసిల్దారు, టీవీవాళ్లు మెడలు నిక్కబెట్టుకుని నిలబడతారు. ఎత్తు అంటే బతిమాలించుకోవడం. రోజూ తల దించుకు తిరిగే మనిషి ఆ ఒక్క పూట అధికారుల చేత తల ఎత్తిస్తాడు. ఈ ముక్క పుస్తకంలో విడి అధ్యాయంగా ఉంది. తెలుగులో ఇంతకుముందు ఇలాంటిది చదివిన గుర్తు నాకు లేదు.

వాదం బాగుంది. కానీ లేపాక్షి దానికి అడ్డం తిరుగుతుందమ్మా. అక్కడ చీరలు కట్టినవాళ్లంతా పైనున్నారు. నగ్నంగా ఉన్న శివుడు చేయి చాస్తే తగిలేంత దగ్గర, మన భుజం పక్కన నిలబడి ఉన్నాడు. కాబట్టి ఎత్తు ఒక్కటే తీర్పు చెప్పదు. గుడ్డ ఎవరు తీశారన్నది మొదటి ప్రశ్న. తీసినవాళ్లకు పోగొట్టుకోవడానికి ఏముందన్నది రెండోది. రెండో ముద్రణలో ఈ లేపాక్షి చిక్కును విప్పి రాయమని నా కోరిక.

మొదటి ప్రశ్నకు ఈ పుస్తకంలోనే కావలసినంత సరుకుంది. అక్క మహాదేవి అధ్యాయం చూడండి. 12వ శతాబ్దంలో రాజును కాదని, అతనిచ్చిన గుడ్డనూ వదిలి, జుట్టే కప్పుకుని కల్యాణ నగరానికి నడిచిన కన్నడ అమ్మాయి. అంతా వదిలినదానివి జుట్టు అడ్డమెందుకు పెట్టుకున్నావని వీరశైవ గురువు అల్లమప్రభువు నిలదీశాడని, నాకోసం పెట్టుకోలేదు, చూసేవాళ్ల కోసం పెట్టుకున్నానన్న అర్థంలో ఆమె జవాబిచ్చిందని శరణుల సంప్రదాయం చెప్పుకుంటుంది. చివరికి ఆమె చేరింది మన శ్రీశైలానికే, కదళీవనానికే. ఆ పక్కనే రచయిత్రి 1986 నాటి చంద్రగుత్తిని పెట్టింది. కర్ణాటకలోని ఆ రేణుకాంబ గుడికి మొక్కు పేరుతో పేద కులాల ఆడవాళ్లను నగ్నంగా నడిపించే ఆచారం ఉండేది. ఆపబోయిన సంఘ సేవకులమీదా పోలీసులమీదా గుంపు తిరగబడి వాళ్ల బట్టలే ఊడదీసింది. ఆ తర్వాత ప్రభుత్వం నిషేధించింది. మహాదేవిదీ, చంద్రగుత్తి భక్తురాళ్లదీ పైకి చూస్తే ఒకే నడక, గుడికి నగ్నంగా వెళ్లడమే. ఒకరు తానుగా నడిచింది, ఇంకొకరిని కులం నడిపించింది. మన పల్లెల్లో ఆడమనిషిని శిక్షించాలంటే గుడ్డలూడదీసి ఊరేగించడం ఎన్నిసార్లు జరిగిందో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. ఆ దెబ్బ తిన్న జాతుల ఆడవాళ్లు అదే పనిని తమ చేతులతో తామే చేస్తే, కొట్టేవాడి చేతిలోని కర్ర లాక్కున్నట్టే.

మణిపూర్ అధ్యాయం చదివితే ఈ మాట పూర్తిగా అర్థమవుతుంది. 2004 జూలైలో తంగ్‌జమ్ మనోరమను అస్సాం రైఫిల్స్ వాళ్లు పట్టుకుపోయాక ఆమె శవమై దొరికింది. జూలై 15న ఇంఫాల్‌లో కంగ్లా కోట గేటు ముందు పన్నెండు మంది నడివయసు తల్లులు బట్టలు విప్పి నిలబడ్డారు. ఆ ఏడాది చివర్లో అస్సాం రైఫిల్స్ ఆ కోట ఖాళీ చేసి వెళ్లిపోయింది. దీనికి నాలుగేళ్ల ముందే ఇంఫాల్ రంగస్థలం మీద కన్హైలాల్ దర్శకత్వంలో మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథ నాటకమై, ముగింపు ఘట్టంలో సావిత్రి హైస్నాం నగ్నంగా నిలబడింది. అప్పుడు ఊరు ఊరంతా ఆ నటిని తిట్టిపోసింది. నాటకం ముందు నడిచింది, వీధి వెనక వచ్చింది. మన సీమలో ద్రౌపదికి గుళ్లున్నాయి, భారతం మిట్టలున్నాయి, వస్త్రాపహరణం నాటకం తెల్లవార్లూ ఆడతారు. మన వేషగాడి చుట్టూ చీరమీద చీర, చీరమీద చీర వస్తూనే ఉంటుంది. మన ద్రౌపదికి కృష్ణుడు నేతగాడై దిగాడు. ఆ బెంగాలీ కథలో ద్రౌపదికి ఎవరూ రారు. అందుకే ఆమె తనకిచ్చిన గుడ్డ వద్దని విసిరేస్తుంది. ఈ ఇద్దరు ద్రౌపదులను పక్కపక్కన నిలబెట్టిన పేజీల కోసమైనా ఈ పుస్తకం కొనొచ్చు.

ఇక మగవాళ్ల సంగతి. మన జిల్లా ఎడిషన్లలో "అర్ధనగ్న ప్రదర్శన" అనే మాట కనబడని వారం అరుదు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గరో, ధర్మవరం కళాజ్యోతి సర్కిల్లోనో, హిందూపురంలోనో పదిమంది చొక్కాలు విప్పి బ్యానరు పట్టుకుంటారు. ఫొటో అయ్యాక చొక్కాలు తొడుక్కుని టీ తాగుతారు. వాళ్ల కోరికలు న్యాయమైనవే, ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ సీమ ఎండల్లో గోచీ కట్టి మడక దున్నిన తాతల మనవలం మనం, మగవాడి ఉత్త ఛాతీ చూసి ఉలిక్కిపడే కలెక్టరు ఇక్కడెవరు? గాంధీ 1921 సెప్టెంబర్ 22న మదురైలో కొల్లాయి కట్టాడంటే అదే గుడ్డతో వైస్రాయి దగ్గరికీ, ఇంగ్లండు రాజు దగ్గరికీ వెళ్లాడు, మళ్లీ చొక్కా తొడుక్కోలేదు. అందుకే చర్చిల్‌కు అంత మంట. 2017 ఏప్రిల్లో తమిళనాడు రైతులు ఢిల్లీలో వారాల తరబడి పుర్రెలు పెట్టుకుని, ఎలుకలు నోట పెట్టుకుని కూర్చున్నా పట్టించుకున్నవాడు లేక, చివరికి ప్రధాని కార్యాలయం దగ్గర ఉన్నదంతా విప్పి పరుగెత్తారు. ఆ రోజు దేశం తిరిగి చూసింది. మగవాడు చొక్కా దగ్గర ఆగిపోతే అది ప్రదర్శన, అంతే. రచయిత్రి ఇంత కటువుగా అనలేదు, నేనంటున్నాను.

ఆడమనిషికి మొదటి గుండీ దగ్గరే లెక్క మొదలవుతుంది. 2018 ఏప్రిల్లో హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్‌ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి పట్టపగలు పైబట్టలు తీసి కూర్చుంది. తెలుగు అమ్మాయిలకు వేషాలు రావడం లేదని, వేషం పేరుతో వాడుకుంటున్నారని ఆమె ఫిర్యాదు. తెలుగు సినీ నటుల సంఘం 'మా' ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమని, తమ సభ్యులెవరూ ఆమెతో నటించరని ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు పంపాక, జనం తిట్టాక, ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆమె ఆ తర్వాత మాట్లాడిన ప్రతి మాటనూ సమర్థించాల్సిన పని మనకు లేదు, రచయిత్రీ సమర్థించలేదు. కానీ సినిమాల్లో అమ్మాయి దేహానికి కెమెరా ఎక్కడెక్కడ తిరగాలో దశాబ్దాలుగా నిర్ణయించిన పరిశ్రమ, ఒకమ్మాయి తన చేత్తో తాను ఒక పైట తీసేసరికి సంస్కృతి గుర్తొచ్చి గుండెలు బాదుకుంది. ఈ అధ్యాయాన్ని తీసేయమని ఆమెకు శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారట. తీయనందుకు మెచ్చుకుంటున్నాను.

చట్టం గురించిన భాగం చిన్నదే, అంత చాలు. బహిరంగ స్థలంలో అశ్లీల చేష్టకు మొన్నటిదాకా ఐపీసీ 294, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 296. మూడు నెలల దాకా జైలు. ఏది అశ్లీలమో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, వర్ణవివక్షకు వ్యతిరేకంగా బోరిస్ బెకర్ తనకు కాబోయే భార్యతో దిగిన నగ్న ఫొటోను అశ్లీలం కాదంది. 2023లో కేరళ హైకోర్టు సామాజిక కార్యకర్త రెహానా ఫాతిమా మీది కేసు కొట్టేస్తూ నగ్నతనూ అశ్లీలతనూ ఒకే గాట కట్టొద్దంది. జడ్జిగారికి ఆ మాట చెప్పడానికి గుడిగోపురాలే సాక్ష్యమయ్యాయి.

మన దిగంబర కవుల ప్రస్తావన రాకపోతే ఈ విషయం మీద ఏ తెలుగు పుస్తకమైనా అసంపూర్ణమే. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. 1965లో మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోదాన్ని విజయవాడలో జంగాల చిట్టి అనే హోటల్ సర్వర్ చేత, 1968లో మూడోదాన్ని విశాఖలో ఒక భిక్షగత్తె చేత. మా తరం కాలేజీ కుర్రాళ్లం ఆ సంపుటాలను క్లాసు పుస్తకాల మధ్య దాచి చదివాం. ఆ ఆరుగురిలో ఒక్కరూ వీధిలో చొక్కా విప్పలేదు. పేర్లు విప్పారు, కులం విప్పారు, మర్యాద మాటలు విప్పారు. 1971లో వాళ్లలో ముగ్గురిని పీడీ చట్టం కింద జైల్లో పెట్టారు. అయినా వాళ్ల కవిత్వంలో ఆడదాని దేహాన్ని తిట్టుకు ఉపమానంగా వాడిన చోట్లున్నాయని రచయిత్రి మొహమాటం లేకుండా పట్టి చూపింది. మా తరం ఆ పంక్తులను చప్పట్లు కొట్టి చదివింది. ఆమె వేలు పెట్టిన చోట నొప్పి ఉంది, ఒప్పుకోక తప్పదు.

వేమన్న గురించి మాత్రం ఆమె ఒకటిన్నర పేజీతో సరిపెట్టడం నాకు రుచించలేదు. కదిరి దగ్గర కటారుపల్లె మన జిల్లాలోనే ఉంది, ఆయన సమాధి ఉన్న ఊరు. మన బళ్లలో వేలాడిన వేమన్న బొమ్మకు గుడ్డ లేదు, కూర్చున్న తీరువల్లే మర్యాద మిగిలింది. ఆ బొమ్మ కింద కూర్చుని పద్యాలు వల్లించిన పిల్లలం ఏనాడూ దాన్ని వింతగా చూడలేదు. ఒక జాతి తన పిల్లలకు నీతి చెప్పడానికి నగ్నంగా కూర్చున్న మనిషిని ఎంచుకుందంటే అది చిన్న సంగతా? పోయిన శతాబ్దంలో వేమన మీద ఉపన్యాసాలిచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మన సీమవారే. ఆ దారిలో ఇంకొంచెం నడిచి ఉంటే బాగుండేది.

ఆఖరి అధ్యాయం మళ్లీ ధర్మవరం. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం మగ్గానికే అని రాసిపెట్టిన రకాలు పవర్‌లూమ్ మీద దిగి, అదే పేరుతో సగం ధరకు అమ్ముడవుతున్నాయి. రేషం ధర ఎప్పుడు ఎగురుతుందో తెలియదు. అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ల వార్తలు ఆ ఊరికి కొత్తవి కావు. పడుగు అతికే ఒక ముసలాయనతో రచయిత్రి మాట్లాడిన నాలుగు పేజీలు ఈ పుస్తకానికి గుండెకాయ. వేళ్లకు బూడిద రాసుకుని, పాత పడుగు కొసకు కొత్త పోగు పెట్టి మెలితిప్పుతూ, వేల పోగుల్లో ఒక్కటీ తప్పకుండా అతుకుతాడు. పనిలో ఉన్నప్పుడు ఆయన ఒంటిమీద ఉన్నది ఒక పాత తువాలు. తాను నేసినన్ని చీరల్లో తన ఇంట్లో ఆడవాళ్లు కట్టినవి ఎన్ని అని ఆమె అడుగుతుంది. ఆయన జవాబేమిటో నేను చెప్పను, పుస్తకంలో చదువుకోండి.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. విదేశీ ఉదాహరణలు కొన్నిచోట్ల కిక్కిరిశాయి. వాక్యం అప్పుడప్పుడూ పత్రికా వార్తలా పరుగెడుతుంది. పెనుకొండ జైన బస్తీకి ఇంకా చోటు దక్కాల్సింది. ఇవేవీ ఆమె ధైర్యాన్ని, అంతకన్నా ఆమె చేసిన కష్టాన్ని తగ్గించవు. బొమ్మ దొరికిన చోటల్లా అట్టమీద వేసి అమ్ముకునే విషయాన్ని తీసుకుని, లోపల ఒక్క నగ్న చిత్రం కూడా అచ్చు వేయకుండా, మాటలతోనే చూపించింది. ఆ నిర్ణయం ఆమెదే. అట్టమీద ఉన్నది కూడా లేపాక్షి కప్పుమీది చీర అంచు.

గ్రంథాలయాలవాళ్లకు నాదో విన్నపం. ఈ పుస్తకాన్ని కొని, పెద్దలకు మాత్రమే అని చీటీ అంటించి బీరువాలో తాళం వేయకండి. హిందూపురంలోనూ, పెనుకొండలోనూ, ధర్మవరంలోనూ తెరిచి ఉన్న అరలో, కాలేజీ పిల్లలకు చేయి అందే ఎత్తులో పెట్టండి.